క్యాంపర్ బండిలో దూరప్రయాణం: రాత్రి ఎక్కడ ఆగాలో ఎలా తేల్చుకోవాలి

క్యాంపర్ బండిలో రాత్రి నిద్ర చెడిందంటే, కారణం చాలాసార్లు సాయంత్రం నాలుగింటికే తయారై ఉంటుంది. ఇంకో అరవై కిలోమీటర్లు పోదామనుకుంటారు. దారిలో చీకటి పడుతుంది. అప్పుడు కనిపించిన మొదటి జాగాలో బండి ఆపేస్తారు. ఆ జాగా వాగు ఒడ్డునో, రైలు పట్టాల పక్కనో, లోడు లారీలు రాత్రంతా తిరిగే చోటనో ఉంటుంది. టెంపో ట్రావెలర్‌లో పడకలు, పొయ్యి పెట్టించుకుని వరంగల్ నుంచి కాశీ దాకానో అంతకన్నా పైకో వెళ్లేవాళ్ల కోసం ఈ పద్ధతి రాస్తున్నాం. ఉదాహరణలన్నీ వరంగల్ నుంచి ఆదిలాబాద్ సరిహద్దు వరకు ఉన్న ఉత్తర తెలంగాణవే. లెక్క మాత్రం ఏ రాష్ట్రంలోనైనా ఒకటే.

1. ముందు పొద్దు లెక్క, ఆ తర్వాతే దూరం

మన దగ్గర డిసెంబరులో పొద్దు సుమారు 5:40కి గూకుతుంది, జూన్‌లో 6:50కి. చలికాలంలో నాలుగున్నరకు, ఎండాకాలంలో ఐదున్నరకు బండి ఆగిపోవాలని పెట్టుకోండి. ఆ గంటా గంటంపావు వెలుతురులోనే నేల చూసుకోవాలి, బండి సమంగా నిలపాలి, నీళ్లు పట్టుకోవాలి, ఇష్టం లేకపోతే ఇంకో చోటికి మారాలి.

టీలు, భోజనం, డీజిల్, గుడి దగ్గర ఆగడం పక్కన పెట్టినా, పడకలున్న బరువైన బండి సగటున గంటకు 40 నుంచి 45 కిలోమీటర్లే పోతుంది. నాలుగు లైన్ల రోడ్డు మీద 60 పడినా, ఊళ్లలో, స్పీడ్ బ్రేకర్ల దగ్గర అదంతా పోతుంది. స్టీరింగ్ మీద ఆరు గంటలు దాటనివ్వకండి. అంటే రోజుకు 250 కిలోమీటర్లు. కారులో 450 పోయిన అలవాటుతో వేసుకున్న ప్లాను మొదటి రోజే తప్పుతుంది.

ఒక లెక్క చూడండి. ఉదయం ఏడింటికి హనుమకొండలో బయలుదేరి కరీంనగర్, జగిత్యాల, మెట్‌పల్లి మీదుగా వెళ్తే నిర్మల్ చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటుతుంది. అక్కడి నుంచి జాతీయ రహదారి 44 మీద ఆదిలాబాద్‌కు ఇంకో రెండు గంటలు వేసుకోండి. చలికాలమైతే ఆ రోజు ప్రయాణం ఎంత సాగదీసినా ఆదిలాబాద్‌లోనే ముగియాలి; ఆరు గంటల లెక్క పాటిస్తే నిర్మల్‌లోనే. పెన్‌గంగ దాటి మహారాష్ట్రలో తినొచ్చులే అనుకుంటే, జాగా వెతుక్కునే పని చీకట్లో పడుతుంది.

చీకట్లో మన జిల్లాల రోడ్ల మీద ప్రత్యేకంగా భయపడాల్సింది ఆరబోసిన వడ్లకు. ఏప్రిల్, మే నెలల్లో, మళ్లీ అక్టోబరు, నవంబరుల్లో రోడ్డుకు ఒక పక్కంతా ధాన్యం పోసి, చుట్టూ బండరాళ్లు పేర్చి, రాత్రి కాగానే నల్ల పరదా కప్పుతారు. ఎదుటి బండి లైటు కళ్లలో పడినప్పుడు ఆ నల్ల కుప్ప అస్సలు కనిపించదు. బరువైన బండి రాయెక్కితే పక్కకు ఒరుగుతుంది. పరకాల, భూపాలపల్లి, కాళేశ్వరం వైపు ఇసుక, బొగ్గు లారీలు, కరీంనగర్ చుట్టూ గ్రానైట్ లారీలు, పత్తి రోజుల్లో వరంగల్ ఎనుమాముల మార్కెట్ దారుల్లో లోడు బండ్ల వరసలు వీటికి తోడు.

2. ఒక్క చోటు కాదు, మూడు చోట్లు రాసుకోండి

ప్రతి రాత్రికీ ఒక అసలు చోటు, దానికి 30, 40 కిలోమీటర్ల ముందే ఇంకోటి, దాటిన తర్వాత 20 కిలోమీటర్లలో మరోటి. ముందున్న చోటే ఎక్కువసార్లు పనికొస్తుంది. పంక్చర్, పిల్లల వాంతులు, రోడ్డు మళ్లింపు, ఏది జరిగినా మనం ఆలస్యమే అవుతాం కానీ తొందరగా చేరం. మధ్యాహ్నం రెండింటికి టీ తాగేటప్పుడు ఫోన్‌లో చూసి ఆ మూడింటిలో ఏదో తేల్చేయండి. ఆ తర్వాత నిర్ణయం మార్చకండి.

3. ఎలాంటి జాగాలు పనికొస్తాయి

చాలామందికి తట్టని, మన ప్రాంతంలో అన్నింటికన్నా మేలైన జాగా ఊరవతలి ఫంక్షన్ హాలు. వరంగల్, కరీంనగర్, జగిత్యాల, నిర్మల్ రోడ్ల మీద ప్రతి చిన్న టౌన్‌కూ రెండు మూడు ఉంటాయి. నాలుగు వైపులా గోడ, లారీ పట్టే గేటు, బోరు నీళ్లు, బాత్‌రూములు, గట్టి నేల, లైట్లు, కావలి మనిషి, అన్నీ ఒక్క చోట దొరుకుతాయి. ఆషాఢంలో, మూఢంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి హాలు ఖాళీగా ఉంటుంది. బోర్డు మీది నంబరుకు ముందు రోజే ఫోన్ చేసి, "అన్నా, ఒక్క బండి, నలుగురం. రాత్రికి లోపల పెట్టుకుంటం, పొద్దున ఆరింటికి వెళ్లిపోతం. మీరెంతంటే అంత కడ్తం" అని సూటిగా అడగండి. వాచ్‌మన్‌తో కాకుండా యజమానితోనో మేనేజర్‌తోనో మాట్లాడాలి. వాచ్‌మన్ ఒక్కడే ఒప్పుకుంటే, రాత్రి పదింటికి యజమాని వచ్చి బండి తీయమంటాడు. మీతోపాటు ఆ మనిషికీ మాట పడుతుంది.

కరెంటు వాడుకుంటే తగిలించే ముందు మీటరు రీడింగ్ ఫొటో తీయండి, పొద్దున మరోటి తీసి యూనిట్ల లెక్కన కట్టండి. ఒక టన్ను ఏసీ రాత్రంతా నడిస్తే సుమారు 7 నుంచి 9 యూనిట్లు అవుతుంది. ఈ లెక్క ముందే చెబితే ప్లగ్గు ఇవ్వడానికి ఎవరూ వెనకాడరు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం ముహూర్తాల రోజుల్లో మాత్రం ఆ వైపు వెళ్లకండి. బరాత్ డీజే అర్ధరాత్రి దాకా మోగుతుంది, తెల్లవారుజామున నాలుగింటికి వంటవాళ్లు గిన్నెలు దించుతారు. పక్క హాల్లో పెళ్లి ఉందేమో కూడా అడగాలి.

పర్యాటక శాఖ హరిత హోటళ్లు రెండో వరసలో పెట్టుకోదగ్గవి. లక్నవరం, తాడ్వాయి, జన్నారం, కడెం, బాసరలో ఉన్నాయి. ఒక్క గది తీసుకుంటే స్నానాలు, ఛార్జింగ్, రాత్రి కాపలా కలిసొస్తాయి; ఇద్దరు గదిలో, ఇద్దరు బండిలో పడుకోవచ్చు. పార్కింగులో బండిలో పడుకోనిస్తారా లేదా అన్నది అక్కడి మేనేజర్ చెప్పాల్సిన మాట. ఫోన్ చేయనిదే వెళ్లకండి.

దేవస్థానాల పార్కింగు మంచిదే, రోజు చూసుకుంటే. వేములవాడలో ఆదివారం రాత్రి నుంచి సోమవారం సాయంత్రం దాకా రద్దీ. కొండగట్టులో మంగళ, శనివారాలు. కొమురవెల్లిలో సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారాలు. బాసరలో వసంత పంచమి. ఆ రోజులు తప్పిస్తే సత్రం దగ్గర బండి పెట్టుకుని హాయిగా పడుకోవచ్చు. తెల్లవారుజామున మైకులో సుప్రభాతం మొదలవుతుంది కనుక స్పీకర్ స్తంభానికి దూరంగా నిలపండి. మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో వస్తుంది. జాతర ఏడాదిలో అంతకు నెల ముందు నుంచే ములుగు, పస్రా, తాడ్వాయి దారిలో రాత్రి ఆగాలని పెట్టుకోవద్దు. జాతర రోజుల్లో ఆ రోడ్లు వన్‌వే అవుతాయి, వెనక్కి తిరగడానికి ఉండదు.

పెట్రోలు బంకుల్లో ఆయిల్ కంపెనీలే సొంతంగా నడిపేవి, 24 గంటలు తెరిచి ఉండేవి ఎంచుకోండి. డీజిల్ అక్కడే పోయించుకుని, మేనేజర్‌ను అడిగి, పంపులకు దూరంగా గాలి కొట్టే వైపు నిలపాలి. ఒక నియమం మాత్రం తప్పకూడదు: బంకు ఆవరణలో పొయ్యి వెలిగించవద్దు. వంట అంతకు ముందే అయిపోవాలి.

దాబాల్లో కుటుంబాలు తినేవి, లారీలు తక్కువగా ఆగేవి చూడండి. లారీల మధ్య పెడితే చల్లగా ఉంచే కంటైనర్ల ఇంజన్ రాత్రంతా చెవి పక్కనే మోగుతుంది. పెద్ద లారీలు తెల్లవారుజామున మూడు, నాలుగింటికి కదులుతాయి. వెనక్కి తీసేటప్పుడు మీ బండి వాళ్లకు కనిపించకపోవచ్చు.

చిన్న ఊళ్లలో ప్రభుత్వ బడి మైదానం, రైతు వేదిక ముందు జాగా అడగవచ్చు. సర్పంచ్‌కో పంచాయతీ కార్యదర్శికో చెప్పి పెట్టుకుంటే ఊరంతటికీ మీరెవరో తెలుస్తుంది. చెప్పకుండా పెట్టిన బండి చుట్టూ రాత్రి పదిమంది టార్చిలైట్లతో చేరితే తప్పు వాళ్లది కాదు.

4. ఎక్కడ ఆగకూడదు

వాగు పక్కన. వానాకాలంలో ఇది ప్రాణాల సంగతి. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ వానలకే మోరంచవాగు పొంగి భూపాలపల్లి దారిలోని మోరంచపల్లి తెల్లారేసరికి మునిగింది. మీరున్న చోట చుక్క పడకపోయినా పైన కురిసిన వాన అర్ధరాత్రి వచ్చి చేరుతుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా వాగుకు, కల్వర్టుకు, చెరువు మత్తడి దిగువకు, రైల్వే అండర్ బ్రిడ్జికి కనీసం అర కిలోమీటరు దూరంగా, నేల ఎత్తుగా ఉన్న వైపు ఆగండి. రెండు లోలెవల్ కాజ్‌వేల మధ్య ఉన్న ఊళ్లోనూ ఆగవద్దు. ఊరు మునగకపోయినా దారి రెండు వైపులా తెగిపోతుంది.

చెరువు కట్ట మీద ఆగడం అందరికీ మోజే. సాయంత్రం గంటసేపు ఫొటోలకు బాగుంటుంది. రాత్రికి మాత్రం వద్దు: కట్ట ఇరుకు, బండి తిప్పడానికి జాగా ఉండదు, దోమలు విపరీతం, తాగడానికి వచ్చేవాళ్లు చేరేదీ అక్కడే.

అడవిలో ఆగనివ్వరు, ఆగకూడదు కూడా. కవ్వాల్ 2012 నుంచి పులుల అభయారణ్యం. జన్నారం దారిలో రాత్రిపూట రాకపోకల మీద అటవీ శాఖ ఆంక్షలు పెడుతుంది. ఏ వేళల్లో, ఏ బండ్లకో ఆ రోజు చెక్‌పోస్టులో కనుక్కోండి. ఏటూరునాగారం, పాకాల వైపు కూడా చీకటి పడకముందే అడవి దాటేలా లెక్క వేసుకోవాలి. ఎండిన ఆకుల మీద పొయ్యి వెలిగించడం మార్చి, ఏప్రిల్‌లలో అడవికి నిప్పు పెట్టడమే అవుతుంది.

రైలు పట్టాలకు దగ్గరగా వద్దు. కాజీపేట నుంచి జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి, కాగజ్‌నగర్ మీదుగా బల్లార్షా వెళ్లేది ఢిల్లీ, చెన్నైలను కలిపే మెయిన్ లైను. గూడ్సు బండ్లు రాత్రంతా నడుస్తాయి, ప్రతి లెవల్ క్రాసింగ్ ముందూ హారన్ కొడతాయి. మ్యాపులో పట్టాలకు ఒక కిలోమీటరు అవతల చూసుకోండి.

5. ఫోన్‌లో ఏం అడగాలి

ముందు మీ బండి ఎత్తు మీకు తెలియాలి. పైన ఏసీ, క్యారియర్, సోలార్ పలక కలుపుకుని టేపుతో కొలిచి స్టీరింగ్ దగ్గర రాసి అతికించండి. కంపెనీ కాగితంలో ఉన్న ఎత్తు ఇవేవీ లేనిది. ఆ తర్వాత వీటిని అడగండి:

- గేటు మీద కమాను ఉందా, ఎంత ఎత్తు? లోపల కరెంటు వైర్లు వేలాడుతున్నాయా?
- రాత్రి ఎవరుంటారు? గేటు ఎన్నింటికి వేస్తారు, పొద్దున ఎన్నింటికి తీస్తారు?
- బాత్‌రూమ్ రాత్రి తెరిచే ఉంటుందా, తాళం ఎవరి దగ్గర?
- నల్లా దగ్గరికి బండి వస్తుందా, బకెట్లతో మోయాలా?
- లావు పిన్నుల ప్లగ్గు, అంటే 16 ఆంపియర్లది ఉందా?
- నేల సిమెంటా, మొరమా, మట్టా?

చివరి ప్రశ్న అందరూ వదిలేసేది. దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

6. నేల

వరంగల్ చుట్టూ ఎర్ర చెలక ఎక్కువ. వాన నీరు తొందరగా ఇంకిపోతుంది, ఒక ఎండ తగిలితే గట్టిపడుతుంది. నిర్మల్ దాటి ఆదిలాబాద్ వైపు పోతుంటే నల్లరేగడి మొదలవుతుంది. పైన పొర ఎండి పగుళ్లిచ్చినా లోపల మెత్తగానే ఉంటుంది. రాత్రి అరగంట వాన చాలు, మూడు టన్నుల బండి వెనక చక్రాలు రిమ్ము దాకా దిగుతాయి. అక్కడ సిమెంటు, తారు, మొరం తప్ప వేరే నేల మీద పెట్టవద్దు. అనుమానముంటే మడమతో గట్టిగా తొక్కండి: గుంట పడి, చెప్పుకు మట్టి అంటుకుంటే ఆ జాగా వదిలేయాలి.

దిగబడితే యాక్సిలేటర్ తొక్కకండి, చక్రం తన గుంటను తానే తవ్వుకుంటుంది. ట్రావెలర్‌కు వెనక చక్రాలే తిరుగుతాయి. వాటి ముందు మట్టి తీసి, నాలుగైదు గోనె సంచులు మడిచి వేసి, టైరు గాలి కొంత తగ్గించి, రెండో గేరులో నెమ్మదిగా కదిలించాలి. బయటికి రాగానే గాలి మళ్లీ నింపాలి. కనుక గోనె సంచులు, చిన్న పార, గాలి కొట్టే యంత్రం బండిలో ఎప్పుడూ ఉండాలి.

బండి ఒక పక్కకు వంగితే పడుకున్నవాళ్లు దొర్లుతారు, కంప్రెసర్ లేని గ్యాస్ ఫ్రిజ్ అయితే సరిగ్గా చల్లబడదు. ఫోన్‌లోని లెవెల్ చూసుకుని, పల్లంగా ఉన్న చక్రాల కింద 5 సెంటీమీటర్ల మందం చెక్కలు వేయండి. పక్కవాలు అయితే ఒక చెక్క సుమారు డిగ్రీన్నర సరిచేస్తుంది. రెండు చెక్కలకు మించి కావాలంటే జాగా మార్చడమే మేలు. తల వైపు ఎత్తుండాలి. హ్యాండ్ బ్రేకు, గేరు, చక్రాల వెనక రాళ్లు, మూడూ ఉండాలి. బండి ముఖం ఎప్పుడూ బయటికి వెళ్లే దారి వైపే ఉంచండి.

పైన కొమ్మలూ చూడాలి. ఎండాకాలం ఈదురుగాలికి విరిగే ఎండుకొమ్మలున్న చెట్టు నీడ కన్నా ఎండే నయం.

7. కరెంటు, నీళ్లు, మరుగుదొడ్డి: ఎన్ని రాత్రులకోసారి పూర్తి సౌకర్యం కావాలి

ఇది జాగాల వరసను నిర్ణయిస్తుంది. 150 ఆంపియర్-అవర్ల 12 వోల్టుల బ్యాటరీలో 1,800 వాట్-అవర్లు ఉంటాయి. ఇన్వర్టర్లకు వాడే లెడ్ యాసిడ్ రకమైతే సగం, అంటే 900 మాత్రమే వాడాలి. 25 వాట్ల ఫ్యాన్లు రెండు తొమ్మిది గంటలు తిరిగితే 450, చిన్న ఫ్రిజ్‌కు ఒక రాత్రికి 300, లైట్లకు, ఫోన్లకు 100. సరిగ్గా ఒక రాత్రికి సరిపోతుంది. మర్నాడు నాలుగైదు గంటలు బండి నడిస్తేనే మళ్లీ నిండుతుంది. ఒకే చోట రెండు రాత్రులు ఉండాలంటే ప్లగ్గు ఉన్న చోటే ఉండాలి. ఏసీ ఈ బ్యాటరీ మీద గంటసేపు కూడా నడవదు. మే నెలలో రామగుండం, ఆదిలాబాద్ వైపు ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి, అర్ధరాత్రి కూడా బండి రేకు సెగ కొడుతుంది. అప్పుడు ప్లగ్గు లేని జాగా జాబితాలోనే ఉండకూడదు.

వైరు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగిది, మూడు తీగలది, 25 మీటర్లు తెచ్చుకోండి. చుట్ట మొత్తం విప్పే వాడాలి. చుట్టగా ఉంచి ఏసీ నడిపితే వేడెక్కి తొడుగు కరుగుతుంది. తగిలించే ముందు సాకెట్ టెస్టర్‌తో ఎర్త్ చూడండి. ఎర్త్ లేకపోతే, లోపల ఎక్కడో వైరు తెగిన రోజు బండి ఇనుము మొత్తానికి కరెంటు వస్తుంది, తడి నేల మీద నిలబడి తలుపు పట్టుకున్నవాళ్లకు తగులుతుంది. బండిలో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి, పెట్టించాలి. పల్లెల్లో సాయంత్రం వోల్టేజి 180కి పడితే ఏసీ కంప్రెసర్ మూలిగి ఆగిపోతుంది. స్టెబిలైజర్ లేకుండా పదేపదే వేస్తే కాలిపోతుంది.

నీళ్లు నలుగురికి స్నానాలు కాకుండా రోజుకు 80 నుంచి 100 లీటర్లు. తాగే నీటికి వేరే 20 లీటర్ల క్యాన్ పెట్టుకోండి, ఏ ఊళ్లోనైనా నింపిస్తారు. కదిలించే మరుగుదొడ్డి 20 లీటర్ల డబ్బా నలుగురికి రెండు రోజుల్లో నిండుతుంది. దాన్ని సెప్టిక్ ట్యాంకు ఉన్న మరుగుదొడ్లోనే, అడిగి, పోయాలి. కాలువలో, చెరువులో, పొలం గట్టున పోస్తే ఆ నీళ్లు తాగే పశువులకు, మనుషులకు రోగం. ఈ మూడు లెక్కలూ కలిపితే తేలేది: రెండు రాత్రులు బంకులోనో దాబాలోనో గడిపితే, మూడో రాత్రి స్నానాలు, ప్లగ్గు, మరుగుదొడ్డి ఉన్న హాలో హోటలో ఉండి తీరాలి.

8. పడుకునే ముందు

ఏసీ కోసం ఇంజన్ నడుపుతూ గానీ, బండి కింద జనరేటర్ పెట్టి గానీ ఎవరూ నిద్రపోకూడదు. ఇంజన్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌ అనే విషవాయువుకు వాసన ఉండదు, పడుకున్నవాళ్లు మళ్లీ లేవరు. పక్కన నిలిపిన లారీ ఇంజన్ పొగ మీ కిటికీ వైపు వస్తున్నా అదే ప్రమాదం. సిలిండర్ దగ్గరి వాల్వు కట్టేయండి. వంటగ్యాస్ గాలి కన్నా బరువు కనుక లీకైతే నేల మీద పేరుకుంటుంది. సిలిండర్ పెట్టే గూటికి అడుగున రంధ్రం ఉండాలి. రెండు వైపులా కిటికీలు నాలుగు వేళ్ల మేర తెరిచి దోమతెర బిగించండి. ములుగు, భూపాలపల్లి, ఆసిఫాబాద్ ఏజెన్సీ ఊళ్లలో మలేరియా ఉంది. రాత్రి దిగాల్సి వస్తే చెప్పులు, టార్చి. గడ్డివాము, రాళ్ల కుప్ప, పొలం గట్టు పక్కన కట్లపాము తిరిగేది ఆ వేళలోనే. డిసెంబరు, జనవరిలో ఆదిలాబాద్ వైపు చలి పది డిగ్రీల లోపుకు దిగుతుంది. బొగ్గుల కుంపటి మాత్రం బండిలోకి తేవద్దు, దుప్పట్లు తెచ్చుకోండి.

ఉన్న చోటు ఇంట్లోవాళ్లకు లొకేషన్ పంపి, ఊరి పేరు, దగ్గరి పోలీస్ స్టేషన్ పేరు కాగితం మీద రాసి డ్యాష్‌బోర్డు మీద పెట్టండి. 112కు ఫోన్ చేసినప్పుడు కంగారులో ఊరి పేరు గుర్తుకు రాదు.

9. చేరాక జాగా నచ్చకపోతే

బండి ఆపిన మొదటి అరగంటలో తేల్చుకోండి. కావలి మనిషి కనిపించకపోయినా, ఎవరో వచ్చి పదేపదే ఎక్కడి వాళ్లు, ఎంతమంది అని ఆరా తీస్తున్నా, బండిలో ఒక్కరికి భయంగా ఉన్నా, వాదించకుండా కదలాలి. ఇల్లాలో, పెద్దవాళ్లో వద్దంటే ఆ మాటే చివరిది కావాలి. అందుకే గొడుగు, కుర్చీలు, పొయ్యి ఆ అరగంట గడిచాకే దించాలి. వెళ్లేది రాసిపెట్టుకున్న మూడో చోటికి. అదీ కుదరక పొద్దుపోతే మండల కేంద్రంలో పోలీస్ స్టేషన్‌కు వెళ్లి, ఎదురుగా బండి పెట్టుకుంటామని చెప్పండి. జాతీయ రహదారి మీద ఉంటే దగ్గరి టోల్ ప్లాజా దాటగానే లైట్ల వెలుగులో పక్కకు, లైన్లకు అడ్డం కాకుండా నిలిపి, 1033కు ఫోన్ చేసి బండి నంబరు, ఉన్న చోటు చెప్పి, తెల్లారగానే బయలుదేరండి.